నిలబెట్టి కొలిచిన బొంత

మార్గశిర మాసం, రెండో లక్ష్మివారం, పొద్దున్న ఆరుగంటల ఇరవై నిమిషాలు. కోరాపుట్ పైనున్న కాఫీ తోటలో, రెండు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య కట్టిన గుడ్డ ఉయ్యాలలోకి నా మనవరాలు ఎక్కి పడుకుంది. నేను గడియారం చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే మూడో చెట్టు కనబడలేదు.

"గంట," అన్నాను. "గంటసేపు తొంగో. ఒంట్లో ఒక్క జాగా సల్లబడకూడదు. సల్లబడ్డాదంటే శనివారం నువ్వు కొండకెల్లవు. అంతే."

"సరే మామ్మా. ఎన్నిసార్లు సెప్తావు."

ఉయ్యాల కింద, దాని పొట్టకి ఆనుకుని, నేను కుట్టిన బొంత వేలాడుతోంది. ఆ బొంత పొడవు చాలుతుందా చాలదా అన్నది తేల్చడానికే ఆ గంట. మీకు నవ్వులాటగా ఉండొచ్చు. మాకు కాదు.

పిల్లకి రక్తంలో సికిల్ జబ్బు. పుట్టుకతో వచ్చింది. చలి పట్టిందంటే లోపల రక్తం సరిగ్గా పారదు, ఎముకల్లో నొప్పి మొదలవుతుంది. ఎముకని లోపలినుంచి ఎవరో గరిటె పెట్టి గీకుతున్నట్టుంటుందని ఒకసారి చెప్పింది. పోయిన చలికాలం పనిమీద కాశీపూర్ వైపు వెళ్ళి, ఒక బడిలో నవారు మంచం మీద పడుకుంది. పైన రెండు రగ్గులు కప్పుకుంది, కింద ఏమీ వేసుకోలేదు. తెల్లారేసరికి పిక్కలు పట్టుకుని అరుస్తోంది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. రక్తం ఎక్కించేరు.

నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆస్పత్రుల్లోనే. దాని చిన్నప్పుడు మంచం పక్కన కూర్చుని తెలుగు వాచకం నేను పట్టుకుంటే అది వేలు పెట్టి చదివేది. అలా యాభై ఎనిమిదో ఏట అ ఆలు దిద్దేను. ఈ రాతలో తప్పులుంటే నేర్పిన దానివి.

ఈ యేడు దానికి ఉద్యోగం దొరికింది. కొండల్లో పిట్టల్ని చూసి లెక్క రాసే పని. దానికి జీతం కూడా ఇస్తారు, నేను నమ్మలేదు గాని నిజమే. దేవమాలి కొండ వాలులో నాలుగు రోజులు అక్కడే ఉండి లెక్క రాయాలి. అక్కడ నేలంతా రాయి, తడి గడ్డి. డేరా వెయ్యడానికి చదునైన జాగా ఉండదు. అందుకని చెట్లకి ఉయ్యాలలు కట్టుకుని పడుకుంటారు. ఇది గనక వెళ్ళకపోతే ఇంక ఆఫీసులోనే కంప్యూటర్ ముందు కూర్చోమంటారు. దానికి ఆ మాటే గిట్టదు. నిజం చెప్పాలంటే అది కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకు హాయి. కాని దాని ఒంట్లో ఉన్న జబ్బుకి అది పుట్టినప్పట్నించీ అన్నీ మానుకుంటూనే ఉంది. ఆడపిల్లలంతా వానలో తడిసినప్పుడు ఇది కిటికీలో కూర్చుంది. చెరువులో దిగనివ్వలేదు, పెళ్ళిళ్ళలో రాత్రిపూట ఉండనివ్వలేదు. ఆ కాపలా అంతా నాదే.

డాక్టరు మూడు మాటలు చెప్పేడు. చలి తగలకూడదు, నీళ్ళు తాగుతూ ఉండాలి, బరువు మొయ్యకూడదు. విన్నప్పుడు మూడూ బాగానే ఉన్నాయి. సంచి సర్దడం మొదలెట్టేక తెలిసింది, ఒకటి పెడితే ఇంకొకటి చెడుతోంది. చలికి బొంత పెడితే అదీ బరువే. నీళ్ళూ బరువే.

నేను రాయగడలో నలభై ఏళ్ళుగా బొంతలు కుడుతున్నాను. పాత చీరలు తెచ్చిస్తే బొంత చేసిస్తాను. ఉయ్యాలకి కింద బొంత కట్టడం అన్నది మాత్రం మొదటిసారి ఈ పిల్ల ఫోన్‌లోనే చూసేను.

"దీన్ని అండర్‌క్విల్ట్ అంటారు మామ్మా. మన మీదా కాదు, మన కింద పరుచుకోడమూ కాదు. ఉయ్యాలకి బైట, కిందనించి కట్టేది."

"బొంత మీద తొంగోవాలి గాని, అదెక్కడో కింద ఏలాడితే నీకేటి లాభం?"

"పాత బొంత ఎండలో ఏసి కర్రతో కొడతావు కదా, ఎందుకు?"

"దూది పొంగుతాది. పొంగితే ఎచ్చగుంటాది."

"మరి నా బరువు కింద నలిగిపోతే పొంగుతాదేటి?"

 నలభై ఏళ్ళు నా చేతికి తెలిసిన సంగతే. ఇన్నాళ్ళూ అది నా నోటికి రాలేదు. మంచం మీదయినా ఉయ్యాలలోనయినా మనిషి కిందనించే చల్లబడతాడు. ఉయ్యాలలో మరీను, వీపు కిందనించి గాలి పోతూనే ఉంటుంది.

మొదట మెడనుంచి మడమదాకా నిండు బొంత కుట్టేను. మామూలు పత్తి. పిల్ల దాన్ని సంచిలో పెట్టుకుని మా వీధి చివరిదాకా నడిచి, నడుం మీద చెయ్యి వేసుకుని తిరిగొచ్చింది. మొహం చూసి నేనే విప్పేసేను. పత్తి తీసేసి బూరుగు దూది పెట్టేను. తేలిక, మంచుకి తొందరగా తడవదు. పైనా కిందా గొడుగు గుడ్డ వేసేను. అయినా పిల్ల ఒప్పుకోలేదు.

"ముప్పావు చాలు. భుజంకాడనించి మోకాలుదాకా. పిక్కల కింద చిన్న ఫోమ్ ముక్క ఏసుకుంటాను. అందరూ అలగే సేత్తారు."

"అందరికీ నీ రక్తం ఉన్నాదేటి?"

"అందరికీ నీలాంటి మామ్మ నేదు. బరువు తగ్గించు మామ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఒప్పుకున్నాను. అది నా మొదటి తప్పు. దాని మాటకి కరిగి ఒప్పుకున్నాను గాని, చేతికి తెలిసి కాదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. దాన్ని నేను నిలబెట్టి కొలిచేను.

బొంత కుట్టేవాళ్ళకి ఇది అర్థమవుతుంది. మేము మనిషిని పడుకోబెట్టి కొలవం. పడుకున్న మనిషిని తలనుంచి కాలిదాకా కొలిచేది పాడె కట్టేటప్పుడే. మా అత్తగారు నాకు సూది ఇచ్చిన రోజునే చెప్పింది, బతికున్నవాళ్ళని గుమ్మానికి ఆనించి నిలబెట్టి కొలు, పైన ఒక జానెడు కలుపు, అంతే. నలభై ఏళ్ళలో పసిపిల్లల బొంతలకి కూడా తల్లి చంకలో ఉండగానే కొలిచేను. ఇక ఈ పిల్లని, ఏడాదికి రెండుసార్లు ఆస్పత్రి మంచం మీద కళ్ళు మూసుకుని పడి ఉండగా చూసిన పిల్లని, పడుకోబెట్టి టేపు పెడతానా? గుమ్మానికి ఆనించేను. భుజం దగ్గర సుద్దముక్కతో ఒక గీత, మోకాలు దగ్గర ఇంకో గీత. మధ్యలోది కొలిచి కత్తిరించేను.

బుధవారం రాయగడలో రైలెక్కి ఇద్దరం కోరాపుట్ వచ్చేం. మా తమ్ముడు ఈ కాఫీ తోటకి కాపలాదారు. దేవమాలి మీద ఉండే చలి ఇక్కడ పూర్తిగా ఉండదు గాని, తెల్లవారుజామున దగ్గరదగ్గర ఉంటుంది. ఇక్కడ నెగ్గకపోతే అక్కడ నెగ్గదు. అందుకే ఇక్కడికి తెచ్చేను.

సరే, ఆ గంట సంగతి చెప్తాను.

పది నిమిషాలకి మా తమ్ముడు మఫ్లరు చుట్టుకుని వచ్చేడు. నన్ను చూసి నవ్వేడు.

"అప్పా, అలగే నిలబడితే నిన్ను కూడా సిల్వర్ ఓక్ అనుకుని మిరియం తీగ పాకించేత్తారు."

"నోరుముయ్. ఆ పిల్లని నవ్వించకు, కదుల్తాది."

"తాతా, మామ్మకి టీ ఇయ్యి. సలికి మామ్మే ముందు పడిపోద్ది," అంది ఉయ్యాలలోంచి.

ఇరవై నిమిషాలు. "ఎలగున్నాది?" అన్నాను. "ఎచ్చగున్నాది," అంది. ఉయ్యాలకీ బొంతకీ మధ్య చెయ్యి దూర్చేను. వీపు దగ్గర నిజంగానే వెచ్చగా ఉంది, కోడి పొట్ట కింద చెయ్యి పెట్టినట్టు. నాకు లోపల కాస్త గర్వం కూడా వచ్చింది. చెయ్యి కిందికి జరిపేను. తొడ దగ్గర వెచ్చన. ఇంకొంచెం జరిపేను. బొంత అంచు తగిలింది. ఇంత తొందరగానా?

అప్పుడు వంగి చూసేను. పిల్ల తిన్నగా పడుకోలేదు. ఆ ఉయ్యాలలో తిన్నగా పడుకుంటే మనిషి అరటిపండులా వంగిపోతాడు. అందుకని మూలమీదుగా పడుకోవాలి, తల ఎడంపక్కకి, కాళ్ళు కుడిపక్కకి. నేను గుమ్మం దగ్గర తిన్నగా నిలబెట్టి కొలిచిన బొంత కింద తిన్నగా వేలాడుతోంది. పిల్ల దాని మీద ఏటవాలుగా ఉంది. ఎడం భుజం బైట, కుడి మోకాలు బైట. పిక్కల కింద వేసిన ఫోమ్ ముక్క ఆవలివైపు జారిపోయింది. గుడ్డ మీంచే పిక్క పట్టుకు చూసేను. మంచులో వదిలేసిన ఇత్తడి చెంబులా ఉంది.

"పిక్క సల్లగున్నాదా?"

"నేదు."

"నిజం సెప్పమ్మి."

"నేదన్నాను కదా. మామ్మా, ఆ కూత ఇన్నావా? అది సిన్న పిట్టే, గొంతు సూడు ఎంతున్నాదో. మగది కూత్తాది, ఆడది మాటాడదు. ఇంకోటుంటాది, తోక ఇలగిలగ ఊపుతాది, నీటికాడ..."

 నొప్పి వచ్చేముందు దానికి మాటలు ఎక్కువవుతాయి. చిన్నప్పట్నించీ అంతే. ఆస్పత్రిలో సూది గుచ్చేవేళకి పక్క మంచం వాళ్ళందరికీ కబుర్లు చెప్పేది. ఊరికే ఉందంటే బాగుందని, గలగలా మాట్లాడుతోందంటే పళ్ళు కరుచుకుని ఉందని నాకు తెలుసు.

"దిగు," అన్నాను.

"ఇంకా అరగంట ఉన్నాది. గంటన్నావు, గంటే."

"దిగుతావా, తాడు కోసెయ్యమంటావా?"

"కొయ్యి! కోసీ! నాను శనివారం ఎల్లకుండా ఉంటే నీకు పండగే కదా!"

"నీకు కొండ గావాలా, కాళ్ళు గావాలా?"

"రెండూ గావాలి! అందరికీ రెండూ ఉన్నాయి!"

మా తమ్ముడు నవ్వడం మానేసేడు. పిల్ల దిగింది. కుడికాలు నేల మీద పెట్టగానే మోకాలు మడతపడింది. తమ్ముడు రెక్క పట్టుకున్నాడు. కూర్చోబెట్టేం. పెదాలు బిగబట్టి కూర్చుంది.  

కాఫీ పళ్ళు కొయ్యడానికి వచ్చే పరజా తెగ ఆవిడ ఒకామె పక్కనే పొయ్యి మీద అంబలి కాచుకుంటోంది, అరుపులు విని వచ్చింది. ఏమీ అడగలేదు. గిన్నెలో వేడి చోడి అంబలి, రాగిపిండిది, తెచ్చి పిల్ల చేతికిచ్చింది. ఆ పొయ్యి మంట దగ్గర తన అరిచేతులు కాచుకుని పిల్ల పిక్క పట్టుకుంది. చల్లారితే మళ్ళీ కాచుకుని మళ్ళీ పట్టుకుంది. నేను రెండో కాలు పట్టుకున్నాను. నీళ్ళు తాగించేను, ఒక సీసా మొత్తం. తమ్ముడు ఆటోవాడికి ఫోన్ చేసి ఉంచమంటావా అని కళ్ళతోనే అడిగేడు. కాస్త ఆగమన్నాను.

ఎంతసేపు అలా ఉన్నామో గడియారం చూడలేదు. మంచు కొంచెం పలచబడి మూడో చెట్టు, నాలుగో చెట్టు కనిపించేయి.

"తగ్గుతాంది," అంది పిల్ల. నెమ్మదిగా, తక్కువ మాటల్లో అంది. అందుకే నమ్మేను.

అప్పుడు నాకు కోపం వచ్చింది. భయం పోయేక వచ్చే కోపం.

"అబద్దమాడేవు. నా సేతికింద నీ కాలు సచ్చిపోతాంటే ఎచ్చగున్నాదన్నావు. కొండమీద ఇలగే అబద్దమాడితే ఎవులు సూత్తారు? ఎల్లక్కర్నేదు. అయిపోయింది."

"నాను అబద్దమాడేను, ఒప్పుకుంటన్నాను," అంది. కళ్ళు నీళ్ళు లేకుండా ఎర్రగా ఉన్నాయి. "నువ్వో? తొంగునీదానికి బొంత గావాలంటే నిలబెట్టి కొలిసేవు. నాను అడిగేను, ఉయ్యాలలో కొలు మామ్మా అని. మూడుసార్లు అడిగేను. నువ్వు ఇనపడనట్టు ఊరుకున్నావు. నువ్వు నన్ను సచ్చిపోయిందానిగా ఊహించుకుని భయపడిపోయేవు గాని, బతికున్నదాన్ని కొలవనేదు."

తమ్ముడు "ఒలే అమ్మి, పెద్దదాన్ని అలగంటావేటి," అన్నాడు. నేను చెయ్యెత్తి ఆపేను. అన్నది నిజం. బతికున్నదాన్ని కొలవలేదు.

పరజా ఆవిడకి సంగతి ఏమిటో తమ్ముడు దేశియాలో, అంటే ఇక్కడి కొండ ఒడియాలో, చెప్పేడు. ఆవిడ విని, ఉయ్యాలకేసి చూసి, తమ్ముడితో ఏదో అంది. వాడు నాకు చెప్పేడు: "ఆ పిల్ల తొంగోడమెక్కడ, చెట్టుకి కాయలా ఏలాడతాంది కదా, కొలిత్తే ఏటి, అంటాంది."

"మాటలతో తప్పించుకోడం నాకొద్దు," అన్నాను. "కొలిస్తే కొలిసినట్టే."

తమ్ముడు మఫ్లరు తీసి కొమ్మకి వేసేడు. "అయితే నన్ను కొలప్పా. నాకెలాగూ దగ్గరకొచ్చింది, నాకేటి దోషం." వద్దంటున్నా వినకుండా ఎక్కేడు. వాడు పొట్టి, పొట్ట పెద్దది. ఉయ్యాల నేలదాకా జారి, వాడి పిర్రలు కాఫీ ఆకుల్లో ఆనేయి. పిల్ల నవ్వింది. పరజా ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వేను, ఒక్క క్షణం. వాడి కొలత దానికి పనికిరాదు.

లక్ష్మివారం. మార్గశిరం లక్ష్మివారం. దిగువ ఇళ్ళల్లో ఒడియా ఆడవాళ్ళు గుమ్మాల ముందు బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేసుకుంటున్న పొద్దు. అలాంటి పొద్దున నేను సంచిలోంచి టేపు తీసేను.

"ఎక్కు," అన్నాను.

పిల్ల నన్ను చూసింది. ఎక్కింది. మూలమీదుగా పడుకుంది.

"కళ్ళు ముయ్యకు. నాకేసి సూడు. నోరు ఆపకు. నీ పిట్టల పేర్లు సెప్పు. నాను అయిపోయిందనీదాకా సెప్తానే ఉండు."

అది మొదలెట్టింది. పరజా ఆవిడ మడమ దగ్గర టేపు కొస పట్టుకుంది. తమ్ముడు వీపు తిప్పుకుని తోటకేసి నిలబడ్డాడు. నేను మెడ వెనకనుంచి టేపు లాగేను. పిల్ల పిట్ట మీద పిట్ట చెప్తోంది. ఒకచోట ఊపిరి తీసుకోడానికి ఆగింది. "ఆపకు!" అని అరిచేను.  మళ్ళీ అందుకుంది. మెడనుంచి మడమకి యాభై నాలుగు అంగుళాలు. తల ఎడమకి జానెడు జరిగి ఉంది, కాళ్ళు కుడికి మూరకి కొంచెం తక్కువ. పెన్సిలుతో చీటీ మీద రాసేను. నాలుగు అంకె రెండుసార్లు దిద్దేను.

"అయిపోయింది, దిగు."

పొడవు ముప్పావు చాలదు. మామూలు రక్తం ఉన్నవాళ్ళకి చాలుతుందేమో, ఈ పిల్లకి మడమదాకా కావాలి. కాని ఈ బొంతలోనే ఒంటికి తగలని మూలలు రెండున్నాయని ఆ కొలతలోనే కనబడింది. తలవైపు కుడి మూల, కాళ్ళవైపు ఎడమ మూల. అక్కడ దూది ఊరికే చలి కాచుకుంటోంది. ఆ రెండు మూలలూ కోసి, కొసలకి వేసి అతికేను. బొంత ఇప్పుడు మామిడాకులా ఏటవాలుగా ఉంది. నిండు పొడవు. బరువు గుప్పెడు దూదంత పెరిగింది. ఆ మధ్యాహ్నం తమ్ముడి వరండాలో మొదలెట్టి సందె పడేవేళకి కుట్టడం పూర్తిచేసేను.

శుక్రవారం అదే వేళకి అవే చెట్లకి కట్టేం. పావుగంటకి పిల్ల మాట్లాడడం మానేసింది. వంగి చూస్తే నిద్రపోయింది, నోరు తెరుచుకుని, సన్నగా గురక. పిక్క కింద చెయ్యి పెట్టేను. గంట అయ్యేదాకా తియ్యలేదు.

శనివారం వెళ్ళింది. వెళ్ళేముందు, పిక్క చల్లబడిన వెంటనే దిగుతానని, పక్కవాళ్ళకి జబ్బు సంగతి చెప్తానని నా చేతిలో చెయ్యి వేసింది. చెప్పింది కూడా. ఆ నాలుగు రోజులూ ఫోన్ మోగితే నేను ఎత్తలేదు, తమ్ముడి చేత ఎత్తించేను. అయిదో రోజు ముళ్ళు గీరిన చేతులతో వచ్చి అన్నం మూడుసార్లు వేయించుకుంది. చలికాలం ఇంకా అయిపోలేదు. మళ్ళీ వెళ్తానంటోంది.

కొలత రాసిన చీటీ పొయ్యిలో వేసెయ్యాలనుకున్నాను. పొయ్యి దాకా తీసుకెళ్ళేను కూడా. వెయ్యలేదు. ఈ బొంత రెండేళ్ళకి నలిగిపోతుంది, అప్పుడు కొత్తది కుట్టాలి. చీటీ సూదుల డబ్బాలో పెట్టేను.

మా కోడలికి, అంటే పిల్ల తల్లికి, నేనేం చేసేనో ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. చేసినపనికి సాక్షులు ఉండాలి కాబట్టి, పేర్లు లేకుండానే, ఆ లక్ష్మివారం అక్కడ ఎవరెవరున్నారో రాస్తున్నాను. ఉయ్యాలలో కళ్ళు తెరుచుకుని పిట్టల పేర్లు చెప్పిన నా మనవరాలు. తోటకేసి తిరిగి నిలబడి ఒక్కసారి కూడా వెనక్కి చూడని నా తమ్ముడు. మడమ దగ్గర టేపు కొస వదలకుండా పట్టుకున్న, కాఫీ పళ్ళు కోసే పరజా ఆవిడ. కొలిచిన నేను.